కంకణ గ్రహణానికి స్వాగత సంఘం

డిసెంబర్ 2

స్టాఫ్ మీటింగులో నన్ను కన్వీనర్‌ని చేశారు. నేను అడగలేదు. హెడ్‌మిస్ట్రెస్ రోహిణి టీచర్ అందరి వైపూ ఒకసారి చూసి, చివరికి నా మీద చూపు ఆపి, "ప్రజోష్ మాష్ అయితే బాగుంటుంది, సైన్సు మాష్ కూడాను" అంది. సూర్యగ్రహణానికి సైన్సు మాష్‌ని కాక డ్రిల్లు మాష్‌ని పెడతారా? సరేనన్నాను. కాదంటే అహంకారం అంటారు.

ఇరవయ్యారున వచ్చేది మామూలు గ్రహణం కాదు, కంకణ గ్రహణం. నడుమంతా నల్లబడి, అంచు మాత్రం ఉంగరంలా మిగులుతుందట. కాసరగోడు జిల్లాలో ఆ నీడ నడిచే దారి సరిగ్గా మా బడి మీదుగానే పోతోంది. క్రిస్మస్ సెలవులే అయినా ఆ పొద్దున ఊరంతా బడి మైదానానికి రావాలి. గ్రహణం కోసం చేసిన కళ్ళద్దాలు పెట్టుకుని చూడాలి. గ్రహణం పట్టి ఉండగానే పాయసం తాగాలి. తలుపులు బిగించుకుని పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని ఊరు చేత ఇదంతా నేను చేయించాలి.

మా ఆవిడ షిజినకి ఏడో నెల. ఇంతదాకా రావడం ఇదే మొదలు. ముందు రెండుసార్లూ మూడో నెలలోనే పోయాయి. దానికీ దీనికీ సంబంధం లేదు, ఊరికే రాశాను.

డిసెంబర్ 5

స్వాగత సంఘం ఏర్పాటు. మా వైపు స్వాగత సంఘం లేకుండా ఏదీ జరగదు, సూర్యుడికైనా మినహాయింపు లేదు. పంచాయతీ ప్రెసిడెంటు కుంజికణ్ణన్ చైర్మన్. భోజనాల ఉపసంఘం, పందిరి ఉపసంఘం, మైకు ఉపసంఘం, క్రమశిక్షణ ఉపసంఘం. వచ్చిన ప్రతివాళ్ళకీ ఏదో ఒక పదవి దొరికింది. మామూలు సభ్యులుగా మిగిలింది మీటింగుకి రానివాళ్ళే.

నేను మాట్లాడాను. బాగానే మాట్లాడానని నా అభిప్రాయం. "నీడ నీడే. కొబ్బరాకు అడ్డం వచ్చినా నీడే, చందమామ అడ్డం వచ్చినా నీడే. మొర్రి పుడుతుంది, వేళ్ళు అతుక్కుంటాయి అనేవన్నీ కట్టుకథలు. మీ ఇళ్ళల్లో గర్భిణులుంటే నిశ్చింతగా తీసుకురండి" అన్నాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక బెంచీలోంచి టీ కొట్టు అంబాడి ఏట్టన్ లేచాడు. "అంతా బాగుంది మాషే. మీ ఇంటావిడ వస్తుందా?"

మహిళా సంఘం ఆడవాళ్ళందరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"ఎందుకు రాదు? మొదటి వరసలో కూర్చుంటుంది" అన్నాను. ఇంకేమనగలను?

"అయితే మేమూ వస్తాం, పిల్లల్నీ తెస్తాం" అన్నారు ఆడవాళ్ళు.

మైకు ఉపసంఘం ఎంత చురుకైనదంటే, ఏర్పడిన పావుగంటకే పరీక్ష కోసం లైబ్రరీ కప్పు మీద హారన్ కట్టేసి నా మాటలు ఊరంతా వినిపించింది. నేను ఇల్లు చేరేసరికి షిజిన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మామూలుగా నన్ను ఏట్టా అంటుంది, మా వైపు అన్ననీ మొగుణ్ణీ అలాగే పిలుస్తారు. మాష్ అందంటే ఆ పూట అయిపోయినట్టే.

"నా పొట్టని మైకులో పెట్టారట కదా మాషే."

"సభలో అడిగితే ఏం చెప్పను?"

"వాళ్ళు మిమ్మల్ని అడిగారు, బాగానే ఉంది. మీరు నన్నడగడానికి నోరు రాలేదా? నేను రాను."

"గ్రహణం అంటే భయమా?"

"గ్రహణం నన్నేం చేసింది? మీ మీదే నాకు మండుతోంది."

అమ్మ వంటింట్లోంచి అంతా విన్నది. ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనలేదంటే మనసులో చాలా ఉన్నట్టు. పాతకాలపు మనిషి.

డిసెంబర్ 6

షిజిన ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టు పెట్టింది. శనగల కూర పెట్టలేదు. పొడి పుట్టు గొంతుకి అడ్డం పడుతుందని ఆవిడకి తెలుసు.

డిసెంబర్ 9

అమ్మ బాగా భయపడుతోంది. ఇవాళ మధ్యాహ్నం, "గ్రహణం ఎన్నింటికి మొదలవుతుందిరా?" అని అడిగింది. చెప్పాను. "ఉంగరం ఎన్నింటికి?" అంది. అదీ చెప్పాను. తలూపి లోపలికి వెళ్ళి క్యాలెండర్ మీద ఏదో గుర్తు పెట్టింది. ఆ వేళకి కోడలిని ఏ గదిలో దాచాలా అని లెక్క వేసుకుంటోంది కాబోలు. పెద్దావిడ మనసు కష్టపెట్టడం నాకూ ఇష్టం లేదు. సైన్సు సైన్సే, తల్లి తల్లే. షిజిన రానంటే ఒకందుకు అమ్మకి నిశ్చింతే కదా అనిపించింది. అమ్మకి అంటున్నాను.

డిసెంబర్ 12

షిజినని కాన్హంగాడు తీసుకువెళ్ళి డాక్టరమ్మకి చూపించాను. అంతా బాగుందంది. షిజిన బరువు చూసుకోవడానికి పక్క గదిలోకి వెళ్ళగానే మెల్లగా కదిపాను.

"డాక్టర్, ఎండలో తిరగడం, జనంలో నిలబడడం లాంటివి ఈ నెలల్లో తగ్గించమంటారు కదా?"

"ఎవరన్నారు? బాగా నడవాలి."

"విశ్రాంతి ముఖ్యమని రాసిస్తే మా అమ్మకి చూపిస్తాను. ఆవిడ కంగారు పడుతుంది."

"నడకే ముఖ్యమని రాసిస్తాను, చూపించండి. అన్నట్టు మీ బడిలో గ్రహణం ఏర్పాట్లు చేస్తున్నారట, నాకూ ఒక కళ్ళద్దాల జత పంపుతారా?"

ఈ రోజుల్లో డాక్టర్లకి రోగి బంధువుల మాట వినే ఓపిక లేదు.

డిసెంబర్ 15

ఏడో తరగతిలో గ్రహణం చేసి చూపించాను. బల్బు సూర్యుడు, నిమ్మకాయ చంద్రుడు, దేవనంద తల భూమి. నిమ్మకాయ అడ్డం వచ్చే సమయానికి "మాష్, భూమికి తల దురదగా ఉంది" అంది. భూమి గోక్కోకూడదని చెప్పాను. తర్వాత ఎవరెవరు వస్తున్నారని అడిగితే సగం చేతులు కూడా లేవలేదు.

"మా అమ్మ పంపనంటోంది మాష్" అంది దేవనంద. "షిజిన చేచ్చి వస్తేనే పంపుతుందట. అక్క రానంటోందని అంబాడి మామ కొట్లో చెప్పుకుంటున్నారట."

మళ్ళీ మా ఊరి నెత్తిన ఇలాంటి ఉంగరం పడేసరికి ఈ పిల్లలకి మనవలుంటారో లేదో తెలియదు. వీళ్ళు చీకటి గదుల్లో కూర్చుంటే ఆ తప్పు నాది. ఇంటికి వస్తూ షిజిన కాళ్ళు పట్టుకునైనా ఒప్పించాలనుకున్నాను. గేటు తీసేలోగా ఆవిడ రాకపోతేనే మంచిదేమో అని కూడా అనుకున్నాను. అమ్మ సంగతి ఆలోచించి.

డిసెంబర్ 18

ఇవాళ షిజిన ఏట్టా అని పిలిచింది. అదను చూసి సంధికి దిగాను.

"తప్పు నాదే. నిన్ను అడిగి చెప్పాల్సింది."

"ఇప్పుడడగండి. దానికేం?"

"అడగడమంటే... నువ్వు వస్తే మంచిదే. రాకపోయినా పర్లేదు. నీకు ఎలా ఉంటే అలా."

చేతిలోని జాకెట్టు, సూది పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "రావాలని అడుగుతున్నారా, వద్దని అడుగుతున్నారా?"

"అమ్మ ఉంది కదా, ఆవిడ..."

"అమ్మ సంగతి అమ్మ చూసుకుంటుంది. మీ సంగతి చెప్పండి."

రెండే మాటలు. వస్తావా షిజినా. ఆ మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. మొన్నటిసారి ఆసుపత్రి వరండాలో నర్సు బయటికొచ్చి తల అడ్డంగా ఊపినప్పుడు కూడా నాకు ఇలాగే మాట పెగల్లేదు. అంతమంది ముందు గడగడా మాట్లాడగలను గానీ ఇంట్లో ఈ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

"మీరు అడిగిన రోజు చెప్తాను" అని సూది తీసుకుంది.

డిసెంబర్ 21

పందిరి ఉపసంఘం సమావేశం. మైదానంలో ఒక మూల స్టేజీకి మాత్రం పందిరి చాలునని రోహిణి టీచర్ అంది. నేను లేచి, చిన్నపిల్లలు, వృద్ధులు, గర్భిణులు వచ్చే చోట నీడ లేకపోతే ఎలాగని గట్టిగా వాదించాను. మానవత్వం అనే మాట కూడా వాడాను. అందరూ ఒప్పుకున్నారు. తెయ్యం జాతరలకి పందిరి వేసే దామోదరన్‌కే అప్పగించారు. "మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి కప్పేస్తా మాషే, సూది మోపేంత ఎండ కూడా పడదు" అని మాటిచ్చాడు.

షిజిన ఒకవేళ వచ్చినా ఇక ఫర్వాలేదు. అమ్మ కూడా ధైర్యంగా ఉంటుంది.

డిసెంబర్ 23

జీపు మీద ప్రచారం మొదలైంది. తెయ్యాలకి అరిచే గొంతే దీనికీ అరుస్తోంది. "ఈ మహత్తర గ్రహణాన్ని కుటుంబ సమేతంగా విచ్చేసి విజయవంతం చేయవలసిందిగా కోరుతున్నాము." జనం రాకపోతే గ్రహణం విఫలమవుతుందేమో అన్నట్టుంది వాడి ధోరణి.

డిసెంబర్ 25

సాయంత్రం ఆకాశమంతా మబ్బు పట్టింది. అయ్యో అనుకున్నాను. కొంచెం ఆలస్యంగా అనుకున్నాను.

అమ్మ కూర్చుని పాయసానికి పెసరపప్పు వేయించింది. మహిళా సంఘం వాళ్ళు ఇంటింటికీ పంచిన పనిలో అమ్మ వంతట. పాపం, భయం మర్చిపోవడానికి ఏదో ఒక పని పెట్టుకుంటోంది. నోటితో పాట కూడా పాడుతోంది.

డిసెంబర్ 26

పొద్దున్నే మబ్బు విడిపోయింది. బయలుదేరేటప్పుడు షిజిన గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు విశ్రాంతి తీసుకో" అన్నాను. "అంతేనా చెప్పేది?" అంది. అంతేనన్నాను.

బడికి వెళ్ళి చూస్తే దామోదరన్ మాట నిలబెట్టుకున్నాడు. మైదానం మొత్తం నీలం టార్పాలిన్ కింద ఉంది. స్టేజీ, కుర్చీలు, బెంచీలు, పాయసం గంగాళాలు, అన్నీ నీడలోనే. గేటుకీ పందిరికీ మధ్య నాలుగు బారల ఖాళీ తప్ప ఆకాశం అనేది ఎక్కడా లేదు. సూర్యుణ్ణి చూడడానికి పిలిచి సూర్యుడు కనబడకుండా కప్పామన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. ఇన్ని ఉపసంఘాల్లో ఒక్కరికీ తట్టలేదు. నాకైతే తట్టకూడదని ఉందేమో.

"విప్పేద్దామా?" అని దామోదరన్ని అడిగాను.

"ఇది కట్టడానికి రెండు రోజులు పట్టింది మాషే. విప్పేసరికి గ్రహణం దేశం దాటిపోతుంది."

వచ్చిన పిల్లలు తక్కువే. మిగతావాళ్ళు గేటు బయట అమ్మల చేతుల్లో ఇరుక్కుని ఉన్నారు. ఆ అమ్మలు తల మీద కొంగు కప్పుకుని, మొదటి వరసలో షిజిన కోసం ఉంచిన ఖాళీ కుర్చీనే చూస్తున్నారు. ఎనిమిది దాటాక గ్రహణం పట్టింది. కానీ ప్రారంభోత్సవం కాలేదు. ప్రెసిడెంటు ఇంకో రెండు చోట్ల ఇదే గ్రహణాన్ని ప్రారంభించి రావాలి. ఆయన వచ్చి దీపం వెలిగించేదాకా ఎవరూ లేవకూడదని రోహిణి టీచర్ ఆజ్ఞ. పిల్లలు కళ్ళద్దాలు పెట్టుకుని టార్పాలిన్ వైపు తలలెత్తి బుద్ధిగా కూర్చున్నారు.

"మాష్, ఏమీ కనబడటం లేదు" అంది దేవనంద.

"ఓపిక పట్టు" అన్నాను. అంతకన్నా బుద్ధిలేని మాట ఈ ఏడాదిలో నేను చెప్పలేదు.

తొమ్మిది దాటాక ప్రెసిడెంటు వచ్చాడు. నేను స్వాగతోపన్యాసం చదివాను. ఒక్క పేరు వదిలినా ఏడాది పాటు పలకరింపులుండవు కాబట్టి అందరి పేర్లూ చదివాను. తర్వాత ఆయన అందుకున్నాడు. "సైన్సు అంటే ఏమిటి?" అని అడిగి, తన చిన్నతనం నుంచి మొదలుపెట్టాడు. "ఒక్క రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అని మూడుసార్లు అన్నాడు. బయట వెలుగు పలచబడుతోంది. కాకులు గొడవ పెడుతున్నాయి. చల్లగాలి తగిలింది.

అప్పుడు పిల్లల్లో గుసగుస మొదలైంది. దామోదరన్ టార్పాలిన్ ఎన్ని జాతరలు చూసిందో ఏమో, నిండా చిల్లులే. ప్రతి చిల్లులోంచీ ఒక కొడవలి ఆకారపు వెలుగు కింద పడుతోంది. బెంచీల మీద, పుస్తకాల మీద, నేల మీద, అన్నిటికన్నా స్పష్టంగా ప్రెసిడెంటు తెల్ల చొక్కా మీద. అందరూ తన పొట్ట వైపే చూస్తుంటే ఆయన గుండీలు తడుముకున్నాడు. ప్రతి చిల్లూ ఒక కెమెరా, ప్రతి కొడవలీ ఒక సూర్యుడు. ఇది చెప్పాల్సింది నేనే. మైకు నా చేతికందేంత దూరంలోనే ఉంది. నేను గేటు వైపు చూస్తున్నాను.

షిజిన వస్తోంది.

పచ్చ నైటీ మీద తుండు కప్పుకుని, చేత్తో నడుం పట్టుకుని, తీరిగ్గా. వెనక అమ్మ. కోడలిని ఆపడానికి వచ్చినట్టుంది, తొందరలో పాయసం గిన్నె కూడా చేత్తోనే పట్టుకొచ్చేసింది. గేటు దగ్గరి ఆడవాళ్ళు పక్కకి జరిగారు. షిజిన పందిట్లోకి రాలేదు. నేను ఉంచిన కుర్చీ వైపు చూడను కూడా లేదు. ఆ నాలుగు బారల ఖాళీలో, ఆరుబయట నిలబడి, కళ్ళద్దాలు పెట్టుకుని తల పైకెత్తింది.

"దేవుడా, ఎంత బాగుందో" అంది. మామూలు గొంతుతోనే అంది, అయినా అందరికీ వినబడింది.

ముందు దేవనంద లేచింది. తర్వాత బెంచీలన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. గేటు బయటి పిల్లలు అమ్మల చేతులు విదిలించుకుని లోపలికి ఉరికారు, వాళ్ళ వెనక అమ్మలు. క్రమశిక్షణ ఉపసంఘం అందరికన్నా ముందు పరుగెత్తింది. పందిట్లో ప్రెసిడెంటు, మైకు మిగిలారు. ఆయన చొక్కా మీద కొడవళ్ళు ఉంగరాలవుతున్నాయి.

నేనూ పరుగెత్తాను. కుర్చీకి తగిలించి ఉన్న రోహిణి టీచర్ గొడుగు నా చేతికెలా వచ్చిందో తెలియదు. వెళ్ళి షిజిన పొట్టకి అడ్డంగా విప్పి పట్టుకున్నాను.

ఊరు మొత్తం ఆకాశం చూడడం మాని నన్ను చూసింది.

"మాషే" అన్నాడు అంబాడి ఏట్టన్, "నీడ నీడే అన్నారు. మళ్ళీ ఈ నీడ దేనికి?"

"ఎండ" అన్నాను.

"గ్రహణంలో ఎండేమిటి మాషే?" అంది షిజిన, తల దించకుండానే. "గొడుగు మూయండి. పక్కవాళ్ళకి అడ్డం."

మూశాను. తను నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. "ఉంగరం. చూడండి, పూర్తి ఉంగరం" అంటోంది. పిల్లలు కేకలు పెడుతున్నారు. నేను చెయ్యి కదిలితే ఏమవుతుందో అన్నట్టు దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఉంగరం ఉన్నంతసేపూ తన్నుతూనే ఉంది. తలెత్తేసరికి ఉంగరం విరిగిపోయింది.

తర్వాత షిజిన పాయసం తాగింది, ఊళ్ళో ఆడవాళ్ళందరూ తాగారు. అమ్మ రెండోసారి కూడా పోయించుకుంది. కంగారులో కొందరికి ఆకలి ఎక్కువవుతుంది.

"ఎందుకొచ్చావు, రానన్నావుగా?" అని షిజినని అడిగాను.

"అడిగారు, వచ్చాను."

"నేను అడగలేదే."

"మీరని నేనన్నానా?"

రోహిణి టీచరై ఉంటుంది.

డిసెంబర్ 27

ఉంగరం ఎలా ఉందని అందరూ నన్నే అడుగుతున్నారు, కన్వీనర్‌ని కదా. అద్భుతం అంటున్నాను.

జనవరి 10

సంఘం ఆఖరి సమావేశం. గ్రహణం ఘనవిజయమని తీర్మానించారు. రోహిణి టీచర్ గొడుగు ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆవిడ అడగడం లేదు, అడక్కపోవడమే నన్ను చూసి నవ్వుతున్నట్టుంది.

ఫిబ్రవరి 21

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

నర్సు తువ్వాలులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. మొదట పెదవి చూశాను. తర్వాత చేతివేళ్ళు విడదీసి చూశాను. తువ్వాలు తొలగించి కాళ్ళు కూడా చూశాను.

"ఏం వెతుకుతున్నారు?" అంది నర్సు.

"ఎవరి పోలికా అని."

"కాలివేళ్ళలోనా?" అని నవ్వి, గదిలోకి తీసుకెళ్ళి అమ్మ చేతికిచ్చింది. అమ్మ పెదవీ చూడలేదు, వేళ్ళూ చూడలేదు. గుండెకి ఆనించుకుని ఊగుతూ కూర్చుంది.

"ఒకసారి సరిగ్గా చూసుకో అమ్మా" అన్నాను. "ఇన్నాళ్ళూ నీ మనసులో ఎంత బెంగ ఉందో నాకు తెలుసు."

"దేనికి బెంగ?"

"గ్రహణం గురించి."

అమ్మ నన్ను వింతగా చూసింది. "ఆ బెంగ నాకెందుకురా? నీడ నీడే అని మైకులో చెప్పింది నువ్వే కదా. అంత చదివినవాడివి ఊరందరి ముందు అబద్ధం చెబుతావా?"

మంచం మీద షిజిన నవ్వాపుకోలేక కుట్లు పట్టుకుంది. "ఆ రోజు నన్నడిగింది ఎవరనుకున్నారు ఏట్టా?"

"నేనే అడిగాను" అంది అమ్మ. "నాకేమో ఉంగరం చూడాలని ఉంది. ఒక్కదాన్నే వెళ్ళడానికి సిగ్గేసింది. తోడు వస్తావా మోళే, నా తల్లీ అన్నాను, వచ్చింది. దాంట్లో ఏముంది?"

అంతే. వస్తావా, అన్నది. నాకు మూడు వారాలు పెగలని మాట అది. ఈ ఇంట్లో భయపడింది ఒక్కరే, అది అమ్మ కాదు. రెండుసార్లు పోయాక మూడోది కూడా పోతుందేమోనని నేను వణికిపోయాను. ఆ వణుకుని ఆవిడ పేరు మీద ఇన్నాళ్ళు మోశాను. నా ఉపన్యాసాన్ని ఊళ్ళో అందరికన్నా పూర్తిగా నమ్మినావిడ పేరు మీద. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"ఇటివ్వమ్మా, ఎత్తుకుంటాను" అని చేతులు చాపాను.

అమ్మ పాపని అవతలికి తిప్పుకుంది. "బయటి నుంచి వచ్చి ఆ చేతులతోనే ముట్టుకుంటావా? సబ్బుతో కడుక్కుని రా. సైన్సు మాష్‌వి, ఇది కూడా నేనే చెప్పాలా?"

వెళ్ళి కడుక్కుని వచ్చాను.